మా జీడిపప్పు సైట్ రమ్మీ సైట్ అయిపోయింది (నా అనుభవం)

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. నాన్న కాలం నుంచి జీడిపప్పు వ్యాపారం, పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు, పిక్కలు కొని ఉడికించి కొట్టించి గుండ్లు, బద్దలు వేరు చేసి అమ్ముకుంటాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి ఇక్కడి జీడి తోటల్ని పడుకోబెట్టేసింది కదా, ఆ తర్వాత పిక్క ఖర్చు పెరిగిపోయి, మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా కస్టమర్‌కి అమ్మితే తప్ప మిగలదని వెబ్‌సైట్ పెట్టాం. పేరు నేనే పెట్టాను. ఊరు పేరు, పక్కన సరుకు పేరు, చివర డాట్ కామ్. ఎవడు గూగుల్ చేసినా మనమే రావాలని. ఎంత తెలివైన పని చేసానో అని అప్పట్లో తెగ మురిసిపోయాను, ఆ మురిపెం సంగతి తర్వాత చెప్తాను.

డొమైన్, అంటే ఆ సైట్ అడ్రస్ పేరు, కొన్నది నేను కాదు. వైజాగ్‌లో ఉండే తెలిసినవాళ్ళ అబ్బాయి సైట్ చేసిపెట్టి, తన మెయిల్‌తో తన కార్డుతోనే కొని, ఏడాదికోసారి నా దగ్గర డబ్బులు తీసుకునేవాడు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, కార్డు ఎక్స్‌పైర్ అయింది, రిన్యూవల్ మెయిల్స్ అన్నీ వాడు తెరవని ఇన్‌బాక్స్‌లో పడ్డాయి. వాడిని తిట్టి లాభం లేదు, ఏడేళ్ళు నేను ఒక్కసారైనా అకౌంట్ ఎవరి పేరు మీద ఉందని అడిగానా.

మే నెలలో గడువు అయిపోయింది. మాకు ఆర్డర్లు ఎక్కువ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి సైట్ ఆగిపోయిన సంగతే ఎవరికీ తెలీలేదు. ప్యాకింగ్ చూసే అమ్మాయి మాత్రం "బావూ, మెయిల్స్ ఏటీ రావట్లేదు" అంది, నేను అన్‌సీజన్ కదమ్మా అన్నాను. ఆగస్టులో హైదరాబాద్ నుంచి పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, "ఏమండీ, మీ పౌచ్ మీద ఉన్న అడ్రస్ కొడితే రమ్మీ ఆడమంటోంది, జీడిపప్పు మానేశారా" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు తెలిసింది, డాట్ కామ్ గడువు అయిన వెంటనే పోదంట. దాదాపు 45 రోజుల వరకు మామూలు రేటుకే రిన్యూ చేసుకునే అవకాశం ఉంటుంది, తర్వాత 30 రోజులు ఎక్కువ ఫైన్ కట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆఖర్న 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు, ఆ తర్వాత మార్కెట్లో పడుతుంది. అంటే నాకు రెండున్నర నెలలు టైం ఉంది, నేను నిద్రపోయాను. ఇలా పడేవాటి కోసమే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కాచుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు, ఏళ్ళ తరబడి నడిచిన పేరు, గూగుల్‌లో కనిపించే పేరు అంటే ఇంకా ఇష్టం. అలాంటివాడే ఎవడో మా పేరు కొనేసి, ఏడాదికి వెయ్యీ పన్నెండొందలు ఖర్చయ్యేదానికి ఆ రమ్మీ పేజీలో అడుగున చిన్న అక్షరాలతో అమ్మకం రేటు 1,800 డాలర్లు అని పెట్టాడు. యజమాని ఎవరో చూద్దామంటే, డొమైన్ ఎవరిదో చూపించే హూయిజ్‌లో పేరు దాచేసి ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. కోపంలో కంపెనీ పేరుతోనే సంతకం పెట్టి మెయిల్ కొట్టేసాను, ఇది మా సైట్, మా కస్టమర్లు పోతున్నారు, దసరా దీపావళి సీజన్ వస్తోంది, వెంటనే ఇచ్చేయండి అని. మూడో రోజు రేటు 2,500 అయింది. మా బావమరిది తల పట్టుకున్నాడు, "అవసరం మనదని మనమే చెప్పేసాం కద బావా" అని.

వైజాగ్‌లో ఒక లాయర్ గారిని కలిసాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. 1999 నుంచి డొమైన్ తగాదాలకి యూడీఆర్‌పీ అని ఒక పద్ధతి ఉంది, కోర్టుకి వెళ్ళకుండా ఫిర్యాదు చెయ్యచ్చు, కానీ మూడు విషయాలు నిరూపించాలి: ఆ పేరు మన ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, దాని మీద అవతలివాడికి హక్కు లేదని, వాడు దుర్బుద్ధితో కొని దుర్బుద్ధితోనే వాడుతున్నాడని. ఈ ఫిర్యాదులు చూసే జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ)లో ఒక్క డొమైన్‌కి ఫీజే 1,500 డాలర్లు, లాయర్ ఖర్చు వేరే. డాట్ ఇన్ అయితే మన దేశంలోనే వేరే పద్ధతి ఉంది, మనది డాట్ కామ్. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని చెప్పిందని కూడా అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి మీ పేరేంటి?" అన్నారు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఊరి పేరు, సరుకు పేరు కలిపితే అది మీ బ్రాండ్ ఎలా అవుతుందండీ, మీ బజారులో ప్రతి షాపువాడూ అదే అమ్ముతున్నాడు కదా, ట్రేడ్‌మార్క్ రావడమే కష్టం, అవతలివాడు కూడా సరిగ్గా ఇదే అంటాడు అన్నారు. నేను మురిసిపోయిన తెలివే నా మెడకి చుట్టుకుంది. ఎవరి సొత్తూ కాని పేరు కాబట్టే ఆ బేరగాడికి కూడా అది ముద్దొచ్చింది.

డబ్బు కన్నా భయపెట్టింది మెయిల్. డొమైన్ ఎవరి చేతిలో ఉంటే ఆ పేరు మీద వచ్చే మెయిల్స్ వాడు తీసుకోవచ్చు, పాస్‌వర్డ్ రీసెట్ లింకులు కూడా. జీఎస్టీ పోర్టల్, కొరియర్ అకౌంట్, బ్యాంకు అలర్ట్‌లు అన్నీ ఆ మెయిల్‌కే ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని ఒక్కోటీ మార్చాను, ఆ రెండు రోజులూ సరిగా అన్నం తినలేదు. పౌచ్‌ల గొడవ ఇంకోటి. కొత్తగా ప్రింట్ చేయించినవి ఆరు వేలు, వెనకాల కస్టమర్ కేర్ మెయిల్ కూడా అదే. స్టిక్కర్ వేసేద్దాం అంటే తప్పనిసరిగా ఉండాల్సిన వివరాల మీద స్టిక్కర్ వేసి మార్చకూడదు బాబూ అన్నారు మా ఆడిటర్ గారు. సర్లే, అవి పక్కన పెట్టి మళ్ళీ ప్రింట్ చేయించాం.

చివరికి ఆ డాట్ కామ్ వదిలేసాను. బేరం ఆడితే తగ్గేవాడేమో, కానీ అప్పటికి నా మనసు విరిగిపోయింది, పైగా కొన్నా ఆ పేరు నా బ్రాండ్ కాదని లాయర్ గారి మాట చెవిలో ఉంది. మా నాయనమ్మ పేరు కలిపి కొత్త పేరు పెట్టాం, ఇంకెవరి ఊళ్ళోనూ లేని పేరు. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ నా మెయిల్‌తో, నా ఫోన్ నంబర్‌తో, పదేళ్ళకి ఒకేసారి కట్టేసాను, అంతకన్నా ఎక్కువ కట్టనివ్వరు. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ ఫైలింగ్‌కి 4,500 అయింది, మనకి చెన్నై ఆఫీసు. ఇంకా రిజిస్టర్ కాలేదు, నడుస్తోంది.

పాత కస్టమర్లకి ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో పెట్టాం, సైట్ మారింది, రమ్మీ మాది కాదు అని. ఆ పాత పౌచ్‌లు ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి, నెల్లో ఒకసారైనా మా ఆవిడ వాటిని చూపించి ఏదో ఒకటి అంటుంది.