ఎండ సమృద్ధిగా ఉన్నా చీకట్లో మగ్గే సూక్ష్మశైవలాలు

సూక్ష్మశైవలాలను, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు జీవులను, ద్రవంలో పెంచే పాత్రయిన బయోరియాక్టర్‌ను చూసినప్పుడు నేను ముందుగా గమనించేది దాని ఘనపరిమాణాన్ని కాదు, వెలుతురు అందులో ఎంత లోతుకు చేరగలదన్న విషయాన్ని. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుపై సెకనుకు సుమారు 2,000 మైక్రోమోళ్ల ఫోటాన్లు (వెలుతురు రేణువులు) పడతాయి. క్లోరెల్లా వంటి అనేక సూక్ష్మశైవలాల్లో అందులో కొద్ది భాగంతోనే కిరణజన్య సంయోగక్రియ గరిష్ఠ స్థాయికి చేరుకుంటుంది. మిగిలిన శక్తిలో అధిక భాగం వేడిగా పోతుంది, కొన్నిసార్లు కణాన్నే దెబ్బతీస్తుంది. చిత్రమేమిటంటే, పైపొర ఇలా ఎండకు సతమతమవుతున్నప్పుడే, చిక్కబడిన ద్రవంలో కొద్ది సెంటీమీటర్ల లోపలి కణాలు తోటి కణాల నీడలో మగ్గుతుంటాయి.

పలకల ఆకారపు రియాక్టర్లను పలుచగా, గొట్టాల రియాక్టర్లను సన్నగా తయారుచేయడానికి ప్రధాన కారణం ఇదే. పలకలను నిటారుగా నిలబెడితే తీవ్రమైన ఎండ ఎక్కువ ఉపరితలంపై పరచుకుని మెత్తబడుతుంది. గొట్టాలను మాత్రం ఇష్టమొచ్చినంత పొడవు పెంచలేము, ఎందుకంటే కణాలు విడుదల చేసే ఆక్సిజన్ లోపలే పేరుకుని కిరణజన్య సంయోగక్రియను మందగింపజేస్తుంది.

ద్రవాన్ని వేగంగా కలిపితే ప్రతి కణానికీ వెలుగునీడలు మారిమారి అందుతాయి. ఈ మినుకుమినుకు వెలుతురులో ఫోటాన్ల వినియోగం మెరుగుపడుతుందని 1950ల్లోనే శాస్త్రవేత్త బెస్సెల్ కాక్ క్లోరెల్లాపై చూపారు. అయితే అంత వేగానికి పంపులు తినే విద్యుత్తును లెక్కించకుండా దిగుబడి గురించి మాత్రమే చెప్పే నివేదికలను నేను అనుమానంగానే చదువుతాను.

ఎండకు బదులు వాడే ఎల్‌ఈడీ దీపాల విషయంలో ఎరుపు, నీలం రంగులే చాలన్న మాట కూడా సగమే నిజం. క్లోరోఫిల్ తక్కువగా పీల్చుకునే ఆకుపచ్చ కాంతి, చిక్కటి ద్రవంలో మరింత లోతుకు వెళ్లగలుగుతుంది.