క్యూర్‌పీప్ డబ్బా: తేమ 100 నుంచి దిగనంటోంది

జులై మధ్య

మళ్లీ అదే తంతు. పొద్దున పదకొండు దాటింది, పలచగా ఎండ వచ్చింది, పెరట్లో గచ్చు ఆరిపోయింది. ఉష్ణోగ్రత, తేమ, వాన కొలవడానికి నేను పెరట్లో పెట్టుకున్న వాతావరణ డబ్బా మాత్రం తేమ 100 శాతమే అంటోంది. ఒక్క పాయింటు కూడా తగ్గదు. తడిగుడ్డ థర్మామీటరు (జంట థర్మామీటర్లు, ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, గాలి ఎంత పొడిగా ఉంటే అది అంత చల్లబడుతుంది) పట్టుకుని బయటికెళ్లి తిప్పి చూస్తే పొడిది 19.0, తడిది 17.0. అంటే అసలు తేమ 82. పద్దెనిమిది పాయింట్ల తేడా! రెండు మూడు పాయింట్లయితే సర్దుకుపోయేవాణ్ని, ఇంత తేడా పెట్టుకుని గ్రాఫులు గీయడం దేనికి?

కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు. మారిషస్ ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు, పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా ఉండదు. నేనుండే క్యూర్‌పీప్ మధ్య పీఠభూమి మీద 550 మీటర్ల ఎత్తున ఉంది. రెండో డబ్బా ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో మా గుంటూరు మిత్రుడి పెరట్లో, పడమటి తీరాన. మధ్య దూరం గీత గీసినట్టు కొలిస్తే 18 కిలోమీటర్లకు మించదు. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు ఈ పీఠభూమిని ఎక్కేటప్పుడు చల్లబడి వాన కురిపిస్తాయి, అటువైపు దిగేటప్పుడు వేడెక్కి పొడిబారతాయి. అందుకే ఎత్తైన చోట్ల ఏడాదికి 4000 మి.మీ. దగ్గరికి పోయే వాన పడమటి తీరంలో 900 లోపే. ద్వీపం మొత్తానికి 1971-2000 సగటు 2010 మి.మీ. అని వాతావరణ శాఖ లెక్క, కానీ ఆ సగటు వాన పడే ఊరు వెతికి పట్టుకోవాలి. పైన బ్వా షెరీలో టీ తోటలు వేశారు, కింద తమారిన్‌లో ఉప్పుమడులు కట్టారు. ఊరికే కాదు.

మెట్రోలో చూడాలి తమాషా. క్యూర్‌పీప్‌లో స్వెటర్ వేసుకుని ఎక్కినవాళ్లు 26 కిలోమీటర్లు పోయి పోర్ట్ లూయిస్‌లో దిగేసరికి దాన్ని నడుముకు కట్టుకుని ఉంటారు. 1860ల్లో మలేరియాకు భయపడి రాజధాని జనం ఈ కొండమీదికి ఎక్కొచ్చారు. దోమలైతే తప్పాయిగానీ వానకు దొరికిపోయారు. ఇక్కడ రెండే కాలాలు, ఒకటి వానాకాలం, రెండోది కూడా వానాకాలమే అని మా వీధిలో జోకు.

నేను తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. క్యూర్‌పీప్ గాలిలో నిజంగానే నీటి ఆవిరి ఎక్కువుందా, లేక అదే ఆవిరి చలికి తడిగా అనిపిస్తోందా? దీనికి సాపేక్ష ఆర్ద్రత, అంటే డబ్బా చెప్పే ఈ తేమ శాతం, పోల్చి లాభం లేదు, ఆవిరి మారకపోయినా వేడి మారితే అది మారిపోతుంది. డ్యూ పాయింట్ చూడాలి, అంటే గాలిని ఎంతకు చల్లబరిస్తే మంచు పడుతుందో ఆ ఉష్ణోగ్రత. మొన్న మధ్యాహ్నం ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో 25.0 డిగ్రీలు, తేమ 60, డ్యూ పాయింట్ 16.7. అదే సమయానికి క్యూర్‌పీప్‌లో చేత్తో కొలిస్తే 15.9. ఎత్తుకు పోయేకొద్దీ పీడనం తగ్గి డ్యూ పాయింట్ కూడా కిలోమీటరుకు 1.8 దాకా పడిపోతుంది కాబట్టి 550 మీటర్లకు 1 డిగ్రీ తేడా రావాలి, దాదాపు అంతే వచ్చింది. అంటే ఆవిరి ఇంచుమించు అంతే, మారింది ఉష్ణోగ్రత. ఎగిరి గంతేయాల్సిన ఫలితం! తీరా డబ్బా చెప్పే 100ను నమ్మితే క్యూర్‌పీప్ డ్యూ పాయింట్ 19.0 అవుతుంది. కొండమీది గాలిలో తీరం కంటే ఎక్కువ ఆవిరి ఉన్నట్టు తేలుతుంది. కథ మొత్తం తలకిందులు.

(వాన కొలత రెండు చోట్లా బంగారంలా నడుస్తోంది. మంగళవారం రాత్రి ఇక్కడ 31 మి.మీ., అక్కడ 0.4.)

జులై చివర

అనుమానాలు ఒక్కొక్కటే తీస్తున్నా. ముందు చెప్పాల్సింది, ఈ రెండు డబ్బాలనూ ఏప్రిల్‌లో అటుదిటు మార్చాను. తేడా చోటుదా, పరికరానిదా అని తెలియాలంటే మార్చి చూడడం కంటే మంచి దారి లేదు, ఎవరేమన్నా ఇదే నా మాట. ఇప్పుడు ఇక్కడ మొండికేసింది తీరం నుంచి పైకి వచ్చిన డబ్బా. ఇక్కణ్నుంచి కిందికి పోయినది హాయిగా పనిచేస్తోంది.

మొదటి అనుమానం తువ్వాళ్లు. నవ్వకండి. అక్కడ డబ్బా పాతిన స్తంభం పక్కనే బట్టల తీగ ఉంది. "అన్నయ్యా, ఇక్కడ ఆరేసుకుంటే మీ లెక్కలు పాడవుతాయా?" అని మా మిత్రుడి భార్య అడిగింది కూడా. ఉతికిన రోజు గంటసేపు తేమ నాలుగైదు పాయింట్లు లేస్తుంది, తువ్వాలు ఆరగానే దిగిపోతుంది. అది అక్కడి గొడవ, ఇక్కడిది కాదు. ఇక్కడైతే తువ్వాలు రెండు రోజులకు కూడా ఆరదు.

రెండోది, సెన్సార్‌కు తేమ పట్టేయడం. ఈ రకం సెన్సార్‌తో కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, డేటాషీటులోనే ఉంది, 80 శాతం పైన 60 గంటలుంటే తాత్కాలికంగా 3 పాయింట్ల దాకా ఎక్కువ చూపొచ్చని. క్యూర్‌పీప్ చలికాలంలో (భూమధ్యరేఖకు దిగువన జులై అంటే చలికాలమే) 80 పైన 60 గంటలంటే మామూలు వారం. లోపలి హీటరు వేసి చూశా. కిందికి దిగింది, చల్లారగానే మళ్లీ 100. అయినా 3 పాయింట్లతో 18కి లెక్క చెప్పలేం.

మూడోదానితో చిక్కుముడి కాస్త వదిలింది. సీసాల పరీక్ష చేశా. మూడు జామ్ సీసాల అడుగున మూడు లవణాలు, ఒక్కోదాంట్లో అది పూర్తిగా కరగకుండా ముద్దలా ఉండేంత నీళ్లే, మూతకు సెన్సార్ వేలాడదీసి వైరు దగ్గర మైనంతో మూసి రాత్రంతా వదిలేయడం. వంటింట్లో 20 డిగ్రీలుంది. ఆ వేడికి మెగ్నీషియం క్లోరైడ్ 33, వంట ఉప్పు 75, తెల్ల పొటాష్ 85 చూపాలి. మెగ్నీషియం క్లోరైడ్ మందుల షాపు పొట్లం, పొటాష్ ఎరువుల కొట్టుది. ఎర్రది తేవద్దు, మలినాలుంటాయి.

పెట్టెలోంచి తీసిన కొత్త సెన్సార్ 34, 75, 86 చూపింది. శభాష్. మొండిది 34, 79, 100.

ఆ అంకెలు చూసి పది నిమిషాలు అలాగే కూర్చున్నా. 33 దగ్గర దోషమే లేదు. 75 దగ్గర కొంచెం, 85 దగ్గర ఏకంగా గోడకు కొట్టుకుంది. సెన్సార్ చెడిపోతే మొదటినుంచీ తప్పు చూపాలి కదా, 75 దాటాకే ఎందుకు పిచ్చెక్కాలి? 75లో ఏముంది? ఉప్పుంది! గాలిలో తేమ 75 దాటితే సముద్రపు ఉప్పు తనంతట తనే నీళ్లు పీల్చుకుని కరిగిపోతుంది. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నపు సముద్రపు గాలికి సన్నటి ఉప్పు సెన్సార్ మీద చేరింది. అక్కడ పగలు తేమ 60-65 కాబట్టి అది పొడి పలుకులా పడుంది, ఎవరికీ అడ్డం రాలేదు. రాత్రిళ్లు కరిగి 100 చూపినా మంచు పడిందనుకుంటాం. అదే ఉప్పుతో కొండెక్కితే ఇక్కడ తేమ 75 కిందికి దిగితేగా! ఎప్పటికీ ఆరని ఉప్పునీటి పొర కింద సెన్సార్ కూర్చుంది. ఒకచోట అంటిన ఉప్పు ఇంకోచోటి తడితో కలిశాకే తప్పు బయటపడింది. ఒక్క డబ్బాతో సరిపెట్టుకునేవాళ్లకు ఇది జన్మకు దొరకదు.

ఆగస్టు మొదట్లో

డిస్టిల్డ్ వాటర్‌తో కడిగా. సెన్సార్ టోపీ తీసి, డ్రాపర్‌తో చుక్కచుక్కగా పోసి, తుడవకుండా ఆరబెట్టి, మళ్లీ సీసాల్లోకి. 34, 76, 89. ఇంకోసారి కడిగితే 34, 75, 87. మిగిలిన రెండు పాయింట్లూ తేమ పట్టడం వల్ల వచ్చినవే కావచ్చు. ఆల్కహాల్‌తో తుడవమని చెప్పేవాళ్లుంటారు. వద్దు, పాలిమర్ పొరకు ద్రావకాలు పడవు. ఇక డీహెచ్‌టీ22 అనే చవక తేమ సెన్సార్‌ను ఇలాంటి చోట బయట పెట్టేవాళ్ల ధైర్యానికి ఒక దండం.

తిరిగి స్తంభం ఎక్కించా. ఇప్పుడు మధ్యాహ్నాలు తడిగుడ్డ లెక్కకు రెండు పాయింట్ల లోపే ఉంటోంది. పొద్దున్నే మాత్రం ఇంకా 99-100 దగ్గర పదిన్నర దాకా వేలాడుతోంది. చేతి కొలత ఎనిమిదింటికే 90కి దిగినా డబ్బాకు పట్టదు. రెండున్నర గంటల ఆలస్యం.

ఈసారి సెన్సార్‌ను కాదు, ఉష్ణోగ్రతను చూశా. చేతి థర్మామీటరు పొడిది 18.0, తడిది 16.9. డబ్బా ఉష్ణోగ్రత 17.3. తప్పంతా తేమ సెన్సార్‌దే అయితే ఉష్ణోగ్రత ఎందుకు 0.7 తక్కువుండాలి? సెన్సార్‌కు ఎండా వానా తగలకుండా చుట్టూ ఒకదానిమీద ఒకటి పేర్చిన షీల్డు పళ్లేలు తడిగా ఉన్నాయి, ఆ నీరు ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తోంది, అదే ఆవిరి లోపలే తిరుగుతోంది. 18.0 డిగ్రీలు, 90 శాతం ఉన్న గాలిని తడి మీదుగా పోనిచ్చి 17.3కి దించితే తేమ 96 అవుతుంది. దానికి సెన్సార్‌కు తేమ పట్టి వచ్చే ఆ 3 కలపండి. 99! ఇంత ముచ్చటగా లెక్క కుదరడం ఈ హాబీలో అరుదు.

పళ్లేలు నేనే పీఈటీజీ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసినవి. తట్టి చూస్తే పైన ఆరినట్టుంటాయి, అంచు కింద వేలు పెడితే చెమ్మ. ప్రింటు గీతల మధ్య నీరు దారంలా పట్టుకుని ఉంది. టార్చి వేస్తే పళ్లేనికీ పళ్లేనికీ మధ్య 12 మి.మీ. సందులో మూడు చుక్కలు పై పళ్లేన్ని పట్టుకుని వేలాడుతున్నాయి, ఊదినా కదల్లేదు. ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఇదే షీల్డు, ఇవే గీతలు, అయినా ఎనిమిదికల్లా కరకరలాడుతూ ఆరిపోతుంది. వాతావరణ పరికరాల కంపెనీ డేవిస్ వాళ్ల నున్నటి పళ్లేల షీల్డు మీద మనసుందిగానీ, ఆ డబ్బుతో ఇంకో స్టేషనే కట్టొచ్చు.

ఆగస్టు రెండో వారం

పళ్లేలకు సన్న గరుకు కాగితం పట్టించి కారు మైనం రుద్దా. ఆలస్యం రెండున్నర గంటల నుంచి గంటా పది నిమిషాలకు దిగింది. మంచిదే, చాలదు. తర్వాత సందులు 12 నుంచి 20 మి.మీ.కి పెంచుతా. ఎండ లోపలికి తొంగిచూస్తుందనే భయముంది కానీ క్యూర్‌పీప్‌లో ఎండ గురించి భయపడడం విడ్డూరమే. అదీ సరిపోకపోతే కంప్యూటర్ ఫ్యాన్ పెట్టి గాలి లాగించడమే. ఆ ఫ్యాన్‌కు రాత్రంతా కరెంటు కావాలి, ఇక్కడి మబ్బులకు సోలార్ ప్యానెల్ రెండింతలు పెద్దది పెట్టాలి. తీరంలో చిన్నదే మిగిలిపోతోంది.

ఇక కిందున్న డబ్బాకు ఫిల్టరు పొరతో వచ్చే ఎస్‌హెచ్‌టీ45 తేమ సెన్సార్ ఆర్డరు పెట్టా. ఉప్పును పొర ఆపాలి, తేమ పట్టకుండా హీటరు చూసుకోవాలి. పొర మీదే ఉప్పు పేరుకుంటే ఏమవుతుందో సీసాల్లో చూడాలి.

ఇదంతా చేస్తుంటే ఇంకోటి తట్టింది. క్యూర్‌పీప్ గాలిని ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌తో పోల్చడమే సగం కథ. అక్కడికి చేరే గాలి ముందే ఈ పీఠభూమి మీద వాన దింపుకుని వస్తోంది, మధ్యాహ్నమైతే సముద్రపు గాలి కలుస్తోంది. కొండెక్కకముందు గాలి ఎలా ఉందో తెలియాలంటే ఆగ్నేయ తీరంలో, మహేబూర్ వైపు మూడో డబ్బా ఉండాలి. అక్కడ 23 డిగ్రీలు, డ్యూ పాయింట్ 19.5 అయితే, ఆ రెంటి తేడాను డిగ్రీకి 125 మీటర్ల లెక్కన గుణిస్తే మేఘం అడుగు 440 మీటర్ల దగ్గర. అంటే మా ఇల్లు మేఘంలో ఉన్నట్టే. పొద్దున మహేబూర్ అంకెలు చూసి ఇవాళ తువ్వాలు బయట వేయాలా వద్దా చెప్పగలిగితే చాలు, ఇంట్లో నా డబ్బాలకు విలువ పెరుగుతుంది.

ఇది అక్టోబరు లోపు నిలబెట్టాలి. నవంబరు నుంచి వేసవి, వ్యాపార పవనాలు నెమ్మదిస్తాయి, మధ్యాహ్నపు ఉరుముల వానలు పడమటి వైపు కూడా కురుస్తాయి, తుపాన్లొస్తే గాలి ఏ దిక్కు నుంచైనా కొడుతుంది. 2013 మార్చిలో, మళ్లీ 2024 జనవరిలో బెలాల్ తుపానుకు పోర్ట్ లూయిస్ మునిగింది. ఆ రోజుల్లో తడి వైపు, పొడి వైపు అనే లెక్కే ఉండదు. మహేబూర్, బ్లూ బే దగ్గర పెరడున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కరెంటు అక్కర్లేదు, వైఫై అందితే చాలు, ఒక స్తంభం పాతుకునేంత జాగా కావాలి. బట్టల తీగకు కొంచెం ఎడంగా.