ఆక్సిటోసిన్: చల్లదనం లెక్క, చుక్కల లెక్క

కాన్పులో నొప్పులు రప్పించడానికీ, కాన్పయ్యాక గర్భసంచిని బిగించి నెత్తురు ఆపడానికీ ఇచ్చే మందు ఆక్సిటోసిన్. దాని ఆంప్యూల్ (చిన్న గాజు సీసా) పాడైతే కంటితో చూసి చెప్పలేం. రంగు మారదు, అడుగున ఏమీ పేరుకోదు, నీళ్ళలా తేటగానే ఉంటుంది. విశాఖలో మే నెల ఎండకు మందుల పెట్టెను ఆటోలోనో, గాలి ఆడని స్టోర్ గదిలోనో వదిలేస్తే లోపలి మందు మెల్లగా చచ్చిపోతూ ఉంటుంది. ఆ సంగతి కాన్పు గదిలో బయటపడేది నెత్తురు ఆగనప్పుడే. అందుకే ఈ మందు గురించి డోసు కంటే ముందు ఫ్రిజ్ గురించి మాట్లాడాలి.

ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. లేబుల్ మీద 25 డిగ్రీల లోపు అని రాసి ఉన్నా ఫ్రిజ్‌లోనే పెట్టండి. టీకాలతో పాటు ఐఎల్ఆర్‌లో (టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్‌లో) పెట్టుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి యూఎన్ఎఫ్‌పీఏ కలిసి 2019లో చెప్పాయి. ఇంట్లో వాడే రకం ఫ్రిజ్ అయితే తలుపు అరలో వద్దు, ఫ్రీజర్‌లో అసలే వద్దు, మధ్య అరలో పెట్టాలి. పొద్దున ట్రేలోకి తీసిన ఆంప్యూళ్ళను సాయంత్రం మళ్ళీ లోపల పెట్టి, మర్నాడు మళ్ళీ తీయడం మంచి అలవాటు కాదు. ఆ షిఫ్టుకు ఎన్ని కావాలో అన్నే తీయాలి.

పాడేరు, అరకు వైపు తీసుకెళ్ళేటప్పుడు వ్యాక్సిన్ క్యారియర్ తప్పనిసరి. ఐస్‌ప్యాక్‌లను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టేస్తే ఆంప్యూళ్ళు గడ్డకట్టే ప్రమాదం ఉంది. కాసేపు బయట ఉంచి, ప్యాక్ ఒళ్ళంతా చెమట పట్టాక, చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తే అప్పుడు సర్దాలి. చల్లటి ఆక్సిటోసిన్ అందే దారి లేని చోట రక్తస్రావం రాకుండా మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు మింగించవచ్చు. ఆ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు గానీ బిడ్డ బయటకు వచ్చాకే ఇవ్వాలి. ముందే మింగిస్తే గర్భసంచి చిరిగే ప్రమాదం.

ఇక కాన్పయ్యాక నెత్తురు ఎక్కువ పోకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ డోసు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు, కడుపులో ఇంకో బిడ్డ లేదని చేత్తో చూసుకుని, తొడ కండకు 10 యూనిట్లు. మన దగ్గర 5 యూనిట్ల ఆంప్యూళ్ళు ఎక్కువ కాబట్టి రెండు విరవాలి. హడావిడిలో ఒక్కటే ఎక్కించి సగం డోసుతో సరిపెట్టేయడం చాలా సులువు, లేబుల్ చదవాల్సిందే. మాయ పడ్డాక బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిగా తగలాలి. పిండి ముద్దలా మెత్తగా తగిలితే సూది ఇచ్చేశాం కదా అని ఊరుకోకూడదు, అప్పుడే మర్దన మొదలుపెట్టాలి. సిజేరియన్‌లో తొందరపడి నరంలోకి ఒక్కసారిగా నెట్టితే బీపీ పడిపోతుంది, గుండె దడదడలాడుతుంది. అప్పటికే నెత్తురు పోయిన తల్లికి, గుండె జబ్బు ఉన్న తల్లికి అది ప్రాణాంతకం.

నొప్పులు రప్పించే డ్రిప్ వేరే సంగతి. వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఇది: 500 మి.లీ. సెలైన్‌లో 2.5 యూనిట్లు కలిపి, నిమిషానికి 10 చుక్కలతో మొదలుపెట్టి, అరగంటకోసారి 10 చుక్కలు పెంచడం. పది నిమిషాల్లో మూడు నొప్పులు, ఒక్కోటి 40 సెకన్ల పైన వస్తుంటే ఇక పెంచకూడదు. ఈ లెక్క మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్‌కే. మైక్రోడ్రిప్ సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు పడతాయి కాబట్టి అవే 10 చుక్కలకు మూడో వంతు మందే అందుతుంది. మైక్రోడ్రిప్ కోసం రాసిన చుక్కలను మామూలు సెట్‌లో వదిలితే మూడింతలు పోతుంది. ఇన్ఫ్యూజన్ పంపు ఉంటే ఈ తలనొప్పే ఉండదు.

చల్లదనం లెక్క తప్పితే చుక్కల లెక్కా తప్పుతుంది. చచ్చిన మందుకు నొప్పులు రావు, సిస్టర్ చుక్కలు పెంచుతూ పోతుంది. సీసా మార్చి మంచి బ్యాచ్ కలిపి అదే వేగంతో వదిలితే గర్భసంచి ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. పది నిమిషాల్లో ఐదు కంటే ఎక్కువ నొప్పులు వస్తుంటే డ్రిప్ ఆపి, తల్లిని ఎడమ పక్కకు తిప్పి, బిడ్డ గుండె చప్పుడు వినాలి. తగ్గకపోతే గర్భసంచిని సడలించే టెర్బుటాలిన్ 0.25 మి.గ్రా. చర్మం కిందికి ఇస్తారు. రక్తంలో ఆక్సిటోసిన్ కొద్ది నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది కాబట్టి ఆపితే ఫలితం ఉంటుంది. కండకు పొడిచేసిన సూదిని మాత్రం ఎవరూ వెనక్కి తీయలేరు. అందుకే బిడ్డ పుట్టకముందు ఇంటి దగ్గర ఆర్ఎంపీ చేత "నొప్పుల సూది" వేయించుకోవడం ఎంత మాత్రం తగదు. ఇదివరకు సిజేరియన్ అయిన గర్భసంచి అయితే కుట్టు దగ్గర చిరిగి తల్లీబిడ్డలిద్దరికీ ముప్పు.

సెలైన్ బదులు 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో గంటల తరబడి పెట్టినా ఇబ్బందే. తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసైన ఆక్సిటోసిన్‌కూ, ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్‌కూ తేడా రెండు ఆమ్లాలే. దాంతో ఇదీ దానిలాగే పనిచేసి, ఒంట్లో నీరు నిలిచి రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ఆపైన ఫిట్స్.

రక్తస్రావం మొదలయ్యాక ఏం చేయాలో 2023లో వచ్చిన ఈ-మోటివ్ పరిశోధన బాగా తేల్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగింది. తల్లి కింద కొలతగీతలున్న ప్లాస్టిక్ సంచీ పరిచి, పోయిన నెత్తురును కంటి అంచనాతో కాకుండా మి.లీ.లలో చూశారు. హద్దు దాటగానే మర్దన, ఆక్సిటోసిన్, నెత్తురు గడ్డను కరగకుండా నిలిపే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, లోపల చిరుగులున్నాయేమో పరీక్ష, ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము కాన్పైన మూడు గంటల్లోపే పడాలి. ఘాట్ రోడ్డు దిగి కేజీహెచ్‌కో ఘోషా ఆసుపత్రికో చేరేదాకా ఆగితే ఆ గడువు దాటిపోవచ్చు, పైన ఆసుపత్రిలోనే ఇచ్చి పంపాలి.

ఫ్రిజ్ బెంగ తీర్చే మందు కూడా ఉంది. వేడికి తట్టుకునే కార్బెటోసిన్ 100 మైక్రోగ్రాములను 10 యూనిట్ల ఆక్సిటోసిన్‌తో పోల్చి, మన దేశంతో సహా పది దేశాల్లో దాదాపు 30 వేల మంది తల్లుల మీద చేసిన పరీక్ష 2018లో వెలువడింది. 500 మి.లీ. పైన నెత్తురు పోవడం గానీ, అదనపు మందు అవసరం కావడం గానీ 14.5 శాతం, 14.4 శాతం. సమానమే. మన ఏజెన్సీ దారులకు ఇంతకంటే తగిన మందు కనిపించదు. దీన్ని రక్తస్రావం నివారణకే వాడాలి. నొప్పులు రప్పించడానికి వాడకూడదు.

ఆక్సిటోసిన్ మన ఒంట్లోనూ ఊరుతుంది. దాన్ని "ప్రేమ హార్మోన్" అంటూ ముక్కు స్ప్రేలుగా అమ్మేవాళ్ళ మాటకు ఇంత బలం లేదు. తోటివాళ్ళ మీద నమ్మకాన్ని పెంచుతుందని 2005లో వచ్చిన అధ్యయనం తర్వాతి ప్రయత్నాల్లో నిలబడలేదు. ఆటిజం ఉన్న 290 మంది పిల్లలకు 24 వారాలు స్ప్రే ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఉత్తుత్తి స్ప్రేకూ దానికీ తేడా కనపడలేదు. ఆశతో తిరిగే తల్లిదండ్రుల దగ్గర దీనికి డబ్బు గుంజడం అన్యాయం.

పల్లెలో ఈ మందు పేరు వినగానే గుర్తొచ్చేది గేదెలే. దూడ ముట్టె తగలగానే పొదుగు చేపుతుంది, ఆ చేపు తెచ్చేది ఆక్సిటోసినే. దూడ లేకుండా సూదితో చేపించడానికి అలవాటు చేస్తే గేదె సూది లేనిదే పాలివ్వదు. ఆ దుర్వినియోగం ఆపాలని కేంద్రం 2018లో ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించి, ఒక్క ప్రభుత్వ సంస్థకే అప్పగించాలని చూసింది. ఒక్క ఫ్యాక్టరీ మీద దేశంలోని కాన్పు గదులన్నీ ఆధారపడితే తల్లుల గతేమిటన్న ప్రశ్న వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

తల్లి చేపు కూడా అంతే. భయం, నొప్పి ఉంటే పాలు దిగవు. కాన్పైన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టిస్తే ఆ చేపుతో పాటు గర్భసంచి కూడా బిగుసుకుంటుంది. అలాగని దాన్ని చూసుకుని 10 యూనిట్ల సూది మానేయకూడదు.