ఫైల్లో లేని మచ్చ

వానాకాలంలో జ్వరం తగ్గకపోతే వైజాగ్‌లో అందరి నోటా ముందు వచ్చే మాట డెంగ్యూ. నాకూ అదే అన్నారు. తల పగిలిపోతోంది, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రోజూ పొద్దున్నే రక్తం తీసేవారు. డెంగ్యూ నెగటివ్, మలేరియా నెగటివ్, టైఫాయిడ్ నెగటివ్. ఫైలు మందం పెరిగింది గానీ సాయంత్రమయ్యేసరికి జ్వరం మళ్లీ 103. మా ఆయన ఎవరో చెప్పారని బొప్పాయి ఆకు రసం తెచ్చి తాగించేవారు. ఆ చేదు పగవాళ్లకి కూడా వద్దు.

ఆయాసం మొదలయ్యాక మావాళ్లు భయపడి ఊళ్లోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ రిపోర్టులన్నీ పక్కన పెట్టి కేస్ షీట్ మొదటి పేజీ దగ్గర ఆగిపోయారు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట గురించి రాసి ఉంది. చర్మం అన్నచోట ఖాళీ.

"ఒళ్లంతా ఎవరైనా చూశారా అమ్మా?"

లేదు.

"ఈమధ్య తోటలకి గానీ, పొలాలకి గానీ వెళ్లారా?"

ఆ మాటా అప్పటిదాకా ఎవరూ అడగలేదు. జ్వరానికి పది పన్నెండు రోజుల ముందు ఆనందపురం వైపు మా వదినవాళ్ల జీడితోటకి వెళ్లి, తుప్పల పక్కనే కూర్చుని అన్నాలు తిన్నాం.

నేను చేసేది ఆడిట్ పని. ఉన్న ఓచర్లు సరిగ్గా ఉన్నాయా అన్నది ఎవరైనా చూస్తారు. నంబర్ల వరసలో ఏది లేదో పట్టుకోవడమే అసలు పని. అదే పని నా ఒంటి మీద ఇంకొకరు చేస్తుంటే, అంత నీరసంలోనూ ముచ్చటేసింది.

తెర లాగారు. చంకలు, రొమ్ముల కింద, తొడల మధ్య, సిస్టర్ టార్చ్ పట్టుకుంటే డాక్టరమ్మ వెతికారు. లంగా బొందు కట్టుకునే చోట, నడుముకి కుడివైపు దొరికింది: అర సెంటీమీటరు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. ఇక నాకెలా తెలుస్తుంది?

స్క్రబ్ టైఫస్. తుప్పల్లో ఉండే చిన్న పురుగు పిల్ల కుడితే వచ్చే జ్వరం. ఆ మచ్చ అందరికీ ఉండదట, కాబట్టి కనపడకపోయినా అనుమానం వదలకూడదన్నారు. రక్తపరీక్షకి పంపి, ఫలితం కోసం ఆగకుండానే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు మొదలుపెట్టారు. రెండు రోజుల్లోపే జ్వరం దిగింది. పరీక్ష తర్వాత పాజిటివ్ వచ్చింది. ఇన్నాళ్లూ ఆ పరీక్షే చేయించలేదు, ఇంక నెగటివ్ కాగితాల కట్ట ఎంత లావుంటే ఏం లాభం?

నీరసం మాత్రం చాలాకాలం వదల్లేదు. మెట్లెక్కితే కాళ్లు వణికేవి, జుట్టు కూడా రాలింది.

డిస్చార్జి కాగితంలో "నల్లటి పొక్కు ఉంది" అని రాశారు. ఎక్కడో రాయలేదు. వృత్తి అలవాటు కదా, అడిగాను. డాక్టరమ్మ నవ్వి, "నడుము, కుడివైపు, బొందు కింద" అని పెన్నుతో చేర్చి పొట్టి సంతకం పెట్టారు.