కాకా నోరు ఎందుకు మెదపలేదు

పెద్దపల్లి నుంచి బల్లార్షా ఒక్క పూట ప్రయాణం కూడా కాదు. అయినా మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ పట్టుకుని మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బొగ్గు గనిలో చేరిన రోజు పరాయి దేశంలో దిగినట్టే ఉంది. హాజరు వేసే మస్టర్ దగ్గర మరాఠీ, కింద గనిలో హిందీ. పైకప్పుకు ఊతాలు పెట్టే సపోర్ట్ పని చేసే కాకా ఒక్కడే తెలుగులో పలకరించాడు. ఆయనది రాజురా. 1956 దాకా అది ఆదిలాబాద్ జిల్లాలోదే. ఆయన నోట మా అమ్మమ్మ మాటలు వినిపించేవి.

సర్దార్ గ్యాంగుకు పెద్ద, ఓవర్‌మన్ అనే పై అధికారికి కింది మనిషి. పైకప్పు బాగాలేకపోతే మనుషుల్ని వెనక్కి తీసి, అటు ఎవరూ పోకుండా అడ్డం కట్టాల్సింది అతనే. నియమం అదే. పరీక్షలో రాసినంత తేలిక మాత్రం కాదు.

ఒక రాత్రి షిఫ్టులో కాకా కర్రతో పైబండను తట్టాడు. గట్టి బండయితే ఖంగుమంటుంది. ఒక మూల మాత్రం ఎండిన సొరకాయ బుర్రలా డొల్లగా పలికింది. ఆయన నా మొహం చూశాడు. నాకూ వినిపించింది. అప్పటికే టన్నుల కోసం పైనుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఆ టెన్షన్‌లో "కానియ్యండి" అన్నాను.

షిఫ్టు ముగిసి అందరం బయటికి నడుస్తుండగా వెనక ఆ మూల బండ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"కాకా, గట్టిగా చెప్పొద్దా?"

"నువ్వు అడిగితివా బిడ్డా? ఇదివరకటి సర్దార్‌కు చెప్తే పని ఎగ్గొట్టే సాకు అన్నడు. అప్పటిసంది చెప్పుడు బంద్ జేసిన."

చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. చెప్పకపోవడం ఆయన తప్పే. ఆ మౌనం నేర్పింది మాత్రం మా సర్దార్లమే. వినీ ఆపకపోవడం పూర్తిగా నాదే. రాబర్ట్ కెల్లీ అనే అమెరికా అధ్యాపకుడు 1988లోనే మంచి అనుచరుడికి రెండు గుర్తులు చెప్పాడు: సొంతంగా ఆలోచించడం, పనిలో మనసు పెట్టడం. కాకాకు రెండూ ఉన్నాయి. మాకు రెండోది మాత్రమే కావలసి వచ్చింది.

ఇప్పుడు పని మొదలయ్యే ముందు కర్ర ముందుగా కాకా చేతికిస్తాను. వచ్చీరాని మరాఠీలో ఒక్కొక్కరినీ "ఛత్ కసం ఆహే?" (పైకప్పు ఎలా ఉంది?) అని అడుగుతాను. మొన్న గ్యాంగులో అందరికంటే చిన్న కుర్రాడు "థాంబా!" అని అరిచాడు. ఆపేశాం. తట్టి చూస్తే బండ గట్టిగానే ఉంది. అరగంట పోయింది, ఓవర్‌మన్ కారణం అడిగాడు. ఆపింది నేనేనని చెప్పాను. మర్నాడు కాకా కంటే ముందే కర్ర కోసం ఆ కుర్రాడు చెయ్యి చాచాడు.