పత్తిచేల ఒడ్డున ప్రియెనె

పశ్చిమ టర్కీలో, సొకె బస్టాండులో, ప్రియెనె అనే పాత గ్రీకు ఊరి శిథిలాల వైపు వెళ్ళే దోల్ముష్ యాభై నిమిషాలు కదల్లేదు. చిన్న వ్యాను. టర్కీ భాషలో దోల్ముష్ అంటేనే ‘నిండినది’ అని అర్థమట, నిండేదాకా కదలదు. మా చల్లపల్లి సెంటర్లో షేర్ ఆటోల వాళ్ళదీ ఇదే లెక్క. అక్కడైతే ‘ఇంకెంతసేపయ్యా’ అని గట్టిగా అడగొచ్చు. ఇక్కడ ఆ నాలుగు ముక్కలకీ నా దగ్గర భాష లేదు. అక్టోబరు నెల, పదిన్నరకే రేకు కాలిపోతోంది. చల్లపూట కొండెక్కేద్దామని కుషదసిలో టిఫిను కూడా తినకుండా బయల్దేరాను. డ్రైవరేమో చెట్టు కింద కూర్చుని రెండో గ్లాసు టీ తాగుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ముందురోజు ఎఫెసస్ చూశాను, అదీ ఒక పాత గ్రీకు నగరం శిథిలాలే. టికెట్టు 40 యూరోలు, మన డబ్బుల్లో మూడున్నర వేల పైమాటే. ఓడల్లో వచ్చిన జనం గుంపులు గుంపులుగా, ఒక్కో గుంపు ముందు జెండా పట్టుకున్న గైడు. రాయిని చూడాలంటే ముందు ఎవరో ఒకరి వీపు చూడాలి. గొప్ప చోటే, కాదనను. కానీ దాని గురించి రాయాలని లేదు.

చివరికి నా పక్క సీట్లో ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. స్వెట్టరు మోచేతుల దగ్గర తెల్లటి పింజలు అంటుకుని ఉన్నాయి. అవి చూడగానే నాకు గుంటూరు జిల్లాలో మా మేనత్త ఇల్లు గుర్తొచ్చింది. సంక్రాంతికి వెళ్తే పత్తి తీతలు నడుస్తుండేవి, వసారా నిండా బోరాలు, అందరి బట్టలకీ ఇవే పింజలు. వేలు పెట్టి చూపించాను. ‘పాముక్’ అన్నాడు. అంటే పత్తి. జేబులోంచి ఒక పగిలిన కాయ తీసి నా చేతిలో పెట్టాడు. మా మామయ్య చేసినట్టే ఒక పింజ లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టుకుని సాగదీసి పొడవు చూశాను. ఆయన ఒక్కసారిగా నా మోకాలి మీద చరిచి, వెనక సీటు వాళ్ళకి నన్ను చూపించి ఏదో చెప్పాడు. ఆ తర్వాత ప్రయాణమంతా ఆ వ్యానులో నేను పరాయివాణ్ణి కాను.

సొకె మైదానం టర్కీలో పత్తికి పేరున్న నేల. రోడ్డుకి ఎడమవైపు కనుచూపు మేరా చదును, చాలాచోట్ల ఇంకా తెల్లగా ఉంది. తీతలు ఇక్కడ యంత్రాలతోనే, చేలో మనుషులే కనబడరు. కుడివైపు మికాలె కొండ నిట్టనిలువుగా లేచింది. నాకు టర్కీ భాషలో వచ్చిన పది మాటల్లో ‘దెనిజ్’ ఒకటి, సముద్రం. ‘దెనిజ్ ఎక్కడ?’ అన్నట్టు చెయ్యి తిప్పాను. ఆయన కిటికీలోంచి ఆ పత్తిచేల మీదుగా అరచెయ్యి నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి ‘ఎస్కి దెనిజ్’ అన్నాడు. పాత సముద్రం. ఇంకో రెండు మైళ్ళు పోయాక దిగిపోయాడు. పేరు కూడా అడగలేదు, ఇప్పటికీ ఆ బాధ ఉంది.

గుల్లుబహ్‌చె ఊళ్ళో దిగి అరగంట ఎక్కితే ప్రియెనె. టికెట్టు ఎఫెసస్ ముందు లెక్కలోది కాదు. లోపల నాతో కలిపి పదిమంది ఉంటారేమో. పైన్ చెట్ల జిగురు వాసన, కీచురాళ్ళ రొద. ఊరు మొత్తం కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టారు. తూర్పు పడమర పెద్దవీధులు చదునుగా సాగుతాయి, వాటిని అడ్డంగా కోసే సందులన్నీ మెట్లే. అంత ఏటవాలులో కూడా గళ్ళకాయితం మీద గీసినట్టు తిన్నటి వీధులు వేశారు. రాతి కాలువల్లో నీళ్ళు పారిన నునుపు ఇంకా తెలుస్తోంది. ఊరికి వెనకాల నిలువు బండ, దాని నెత్తిన కోట. కోట దాకా నేను ఎక్కలేదు, ఆ ఎండలో శక్తి లేకపోయింది.

గ్రీకుల దేవత అథీనా గుడి దగ్గర అయిదు స్తంభాలు నిలబడి ఉన్నాయి. పడిపోయినవాటిని 1960ల్లో మళ్ళీ పేర్చి నిలబెట్టారు. చుట్టూ మిగతా స్తంభాల ముక్కలు పెద్దపెద్ద తిరగలి రాళ్ళలా దొర్లి ఉన్నాయి. కట్టినవాడు పిథియోస్, హాలికర్నాసస్‌లో మౌసోలస్ రాజు సమాధి కట్టించిన చేతులు కూడా ఇవే. పని సగంలో ఉండగా, క్రీ.పూ. 334లో అలెగ్జాండర్ ఇటు దండెత్తి వచ్చాడు, గుడికి డబ్బిచ్చాడు. ‘అలెగ్జాండర్ రాజు ఈ గుడిని అథీనా పోలియాస్‌కి సమర్పించాడు’ అని గోడ రాతి మీద చెక్కారు. పోలియాస్ అంటే ఊరిని కాచేది. ఆ రాయి ఇప్పుడు ఇక్కడ లేదు, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మా అమరావతి స్తూపం పలకలున్నది కూడా ఆ కప్పు కిందే. రెండూ కృష్ణ ఒడ్డునో, ఈ మైదానంలో పారే మెందెరెస్ నది ఒడ్డునో ఉండాల్సిన రాళ్ళు. అమరావతిలో దిబ్బ ముందు నిలబడినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటుంది చూడండి, ఇక్కడా అదే అయింది.

గుడి అరుగు చివర నిలబడి కిందికి చూశాను. ఇది ఒకప్పుడు అఖాతం ఒడ్డు. మెందెరెస్ నది, గ్రీకులు మైయాండ్రోస్ అన్నది, వంకరలు తిరుగుతూ కొండల మట్టినంతా తెచ్చి ఆ అఖాతంలో పోసింది. రెండువేల ఏళ్ళ కిందట గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాసేనాటికే ప్రియెనెకీ సముద్రానికీ మధ్య 40 స్టేడియాల మేట పడిపోయింది, అంటే మన లెక్కలో ఏడు కిలోమీటర్లు. ఇప్పుడు దానికి దాదాపు రెట్టింపు. పాత ప్రియెనె వేరేచోట ఉండేదట. అది ఎక్కడో ఇంతవరకూ దొరకలేదు, ఒండ్రు కిందే ఎక్కడో ఉందంటారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఊరిని ఈ కొండమీదికి తెచ్చి కొత్తగా కట్టుకున్నారు. సముద్రం అప్పుడు కూడా ఆగలేదు, జరిగిపోతూనే ఉంది.

దూరంగా, మిలేటస్ అనే ఇంకో పాత గ్రీకు నగరం వైపు చదునులో ఒక చిన్న గుట్ట. లాడె. క్రీ.పూ. 494లో అది దీవి. పర్షియా వాళ్ళ మీద ఈ తీరపు గ్రీకు ఊళ్ళు తమ ఓడలు కలిపి ఆ దీవి దగ్గరే పోరాడి ఓడిపోయాయి. మిలేటస్ 80 ఓడలు తెచ్చింది, ప్రియెనె 12 తెచ్చింది. ఆ పన్నెండు ఓడలూ నిలబడ్డ చోట ఇప్పుడు పత్తి కోసే యంత్రం ఒకటి దుమ్ము లేపుకుంటూ పోతోంది. ఇదే అఖాతంలో మ్యూస్ అని ఇంకో ఊరుండేది. దాని ముందున్న నీళ్ళు నదిమట్టికి పూడి మడుగైపోతే దోమలు పెరిగి, వాటి బాధ పడలేక జనం దేవుళ్ళ విగ్రహాలతో సహా మిలేటస్‌కి వెళ్ళిపోయారని పాతకాలపు గ్రీకు యాత్రికుడు పౌసనియస్ రాశాడు. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది అతిశయోక్తి అనిపించదు. ఆషాఢంలో మా ఊళ్ళో సాయంత్రం అయిదు తర్వాత వరండాలో కూర్చోగలిగిన మొనగాడు ఎవరు?

మాది ఘంటసాల. రెండో శతాబ్దపు గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో ‘కంటకోసిల’ అని రాసిన రేవు ఇదేనంటారు. ‘ఇక్కడి దాకా ఓడలొచ్చేవిరా’ అని తాతయ్య బౌద్ధస్తూపం దిబ్బ మీద నన్ను కూర్చోబెట్టి చెప్పేవాడు. నేను చుట్టూ చూసేవాణ్ణి. వరి, మినుము, చెరుకు, మళ్ళీ వరి. సముద్రం చూడాలంటే బస్సెక్కి హంసలదీవికో మంగినపూడికో పోవాలి. తాతయ్య కోసేస్తున్నాడనుకునేవాణ్ణి. ఆ ముసలాయన వ్యాను కిటికీలోంచి చెయ్యి తిప్పినట్టే తాతయ్యా తిప్పేవాడు, అరచెయ్యి కిందికి పెట్టి, నీళ్ళు నిమిరినట్టు. ఈ వయసులో, ఇంత దూరం వచ్చి, ఆయన మాట నమ్మాను.

థియేటరులో ముందు వరసలో అయిదు పాలరాతి సింహాసనాలు, కాళ్ళు సింహం పంజాల్లా చెక్కినవి. సభాభవనం చిన్నది, చతురస్రంగా, మధ్యలో బలిపీఠంతో ముద్దుగా ఉంది. ఇవి చూసినవాళ్ళందరూ రాస్తారు. నేను ఎక్కువసేపున్నది కొండ అడుగున, వ్యాయామశాలలో.

అక్కడికి చేరాలంటే మెట్లన్నీ దిగాలి, తర్వాత మళ్ళీ ఎక్కాలి, అందుకే కాబోలు ఎవరూ లేరు. ఒక గదిలో గోడ పొడవునా రాతి తొట్టెలు, పైన వరసగా సింహం తలలు. కొండ నీళ్ళు వాటి నోళ్ళలోంచి తొట్టెల్లోకి పడేవి, కుర్రాళ్ళు ఆటల తర్వాత అక్కడ ఒళ్ళు కడుక్కునేవాళ్ళు. ఒక సింహం కింది పెదవి అరిగి నునుపుగా ఉంది. వేలు పెట్టి చూశాను, గుంటలో చీమలు తిరుగుతున్నాయి. ఆ పక్కనే వాళ్ళ చదువుగది. వెనక గోడ రాళ్ళ నిండా అక్షరాలు. శాసనం కాదు. పిల్లలు చెక్కుకున్న పేర్లు. వందల కొద్దీ. చాలా వాటికి ఒకటే వరస: ‘ఇది ఫలానావాడి కొడుకు ఫలానావాడి చోటు’. బడిలో మనం బల్ల మీద కాంపాసు మొనతో చెక్కినవే ఇవీ. ఒకడు పేరు పెద్దగా మొదలుపెట్టాడు, చోటు చాలక చివరి అక్షరాలు చిన్నవైపోయాయి. ఇంకొకడు పక్కవాడి పేరు మీదుగానే గీసుకుపోయాడు. రెండువేల ఏళ్ళు గడిచాక కూడా ఆ బల్లమీది దెబ్బలాట వినబడుతోంది. చాలా పేర్లు వానకి అరిగి, ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే కనిపిస్తున్నాయి.

పైకెక్కి గుడి దగ్గర నీడలో రొట్టె, జున్నుముక్క తింటూ అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ ఆవిడ కాఫీ వేళ. ఫోను తిప్పి మైదానం చూపించాను.

‘‘ఇదంతా సముద్రమేనమ్మా. వెళ్ళిపోయింది.’’

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. ‘‘పోతే పోయిందిలే నాన్నా. మళ్ళీ రాకపోతే చాలు’’ అంది.

అమ్మ పుట్టిల్లు నాగాయలంక. 1977 నవంబరు 19 రాత్రి సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పుడు తను ఎనిమిదో తరగతి. దివిసీమ ఉప్పెన గురించి మా ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నేను మాట మార్చి గోడమీది పిల్లల పేర్ల సంగతి చెప్పాను. అప్పుడు చెప్పింది, నేనెప్పుడూ వినని సంగతి. ఉప్పెన తర్వాత చాలా రోజులకి బడి తెరిచారట. తడిసి ఉబ్బిపోయిన హాజరుపట్టీని మేష్టారు ఎండబెట్టి, అందులో ఉన్న పేర్లు ఉన్నట్టు మొదటినుంచీ చివరిదాకా పిలిచారట. పలకని పేరు దగ్గర కాసేపు ఆగి, తర్వాతిది పిలిచారట. ఎవరూ ఆయన్ని ఆపలేదు. వారం రోజులు అలాగే పిలిచారు.

‘‘మా రమణమ్మ పేరు నా పేరు తర్వాతే ఉండేది’’ అంది అమ్మ. తర్వాత, ‘‘ఆ గోడ నాకు చూపించరా ఒకసారి’’ అంది.

కిందికి దిగుతుంటేనే సిగ్నల్ పోయింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, అయినా చివరిదాకా దిగాను. ఎండ పడమటికి వాలి గోడకి ఏటవాలుగా పడుతోంది, మధ్యాహ్నం కనిపించని పేర్లు కూడా తేలాయి. ఫోను గోడకి జానెడు దూరంలో పెట్టి, రాయి తర్వాత రాయి, ఎడమ నుంచి కుడికి వీడియో తీశాను. మూడోవరసలో ఉండగా పైనుంచి కాపలావాడి ఈల వినిపించింది, మూసేవేళ అయిందని. ఇంకో రెండు వరసలు మిగిలాయి. చెయ్యెత్తి చూపించి, అవి కూడా తీశాను.