ఆరో నెలలో కిడ్నీ ఇన్ఫెక్షన్

నాకు ఆరో నెల నడుస్తుండగా మూత్రంలో మంట మొదలైంది. మాటిమాటికీ వెళ్లాలనిపించేది, వెళ్తే నాలుగు చుక్కలు. "వేడి చేసిందే, బార్లీ నీళ్లు తాగు" అంది అమ్మ. తాగాను. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామనుకున్నాం, ఈలోపే రాత్రి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. వీపు మీద కుడివైపు, పక్కటెముకల కింద చెయ్యి ఆనితే ప్రాణం విలవిల్లాడింది.

మావారు వీధి చివరి మెడికల్ షాపుకి పరిగెత్తారు. మంట, జ్వరం అనగానే రెండు రకాల మాత్రలు కత్తిరించి ఇచ్చేశారట. ఎవరికి అని అడగనే లేదట. ఒకటి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, రెండోది డైక్లోఫెనాక్ కలిసిన జ్వరం బిళ్ల. బీఫార్మసీ చదివిన మా చెల్లెలికి ఫొటో పంపితే, "అక్కా, ఆ రెండూ వద్దు. వట్టి పారాసెటమాల్ వేసుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లు" అంది. ఎవరికి అన్న ఒక్క ప్రశ్న అడగడానికి ఎంతసేపు పడుతుంది? తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అత్తయ్యది ఇంకో రకం భయం. అసలు ఏ మందూ వద్దంటారు. ఆవిణ్ణి తప్పు పట్టలేను, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. థాలిడోమైడ్ అనే మాత్రను 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి పెట్టారు. గర్భిణులు వికారానికి వేసుకున్నారు. వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టాక గానీ, 1961లో, అక్కడ దాన్ని ఆపలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వీపు మీద మెల్లగా తట్టి చూసి, ముందు కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో, దానిమీద ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకి, మూత్రం తీయించారు. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందన్నారు. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయట, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుందట, అందుకే మూత్రం నిలిచిపోయి క్రిములు పైకి ఎక్కుతాయట. కుడివైపే ఎక్కువట.

"యాంటీబయాటిక్ ఎక్కిస్తే బిడ్డకేమైనా అవుతుందేమోనమ్మా" అన్నారు అత్తయ్య. "అడగాల్సిన మాటే. ఎక్కించకపోతే ఏమవుతుందో కూడా అడగండి" అన్నారావిడ. "ఇది రక్తంలోకి పాకితే తల్లికే ప్రమాదం. నెలలు నిండకుండా నొప్పులూ రావచ్చు." అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

మందు నా ఒంటికి పడుతుందో లేదో చూడటానికి నర్సు నా ముంజేతి చర్మంలోకి కొంచెం ఎక్కించి, ఆ చిన్న బొబ్బ చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి వెళ్లింది. దద్దురు రాలేదు. అప్పుడు సెఫ్‌ట్రియాక్సోన్ అనే ఆ యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. జ్వరం వెంటనే దిగలేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది, దాంతో నాకు టెన్షన్. బిడ్డ కదిలినప్పుడల్లా అత్తయ్యకు చెప్పేదాన్ని. కల్చర్ రిపోర్టులో ఈ.కోలై అనే క్రిమి అని వచ్చింది. యాంపిసిలిన్ దానిమీద పని చెయ్యదు, నాకు ఎక్కిస్తున్నది పని చేస్తుంది. అది తెలిశాకే కంటినిండా నిద్రపోయాను.

డిశ్చార్జి రోజు డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని అన్నీ వివరించారు. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ (నాకు ఎక్కించింది ఈ రకమే) యాంటీబయాటిక్స్ గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నవే. డాక్సీసైక్లిన్ లాంటివి బిడ్డ పళ్లను, ఎముకలను దెబ్బతీయవచ్చు. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ బిడ్డ ఎదుగుదలకు కావాల్సిన ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడుతుంది కాబట్టి మొదటి నెలల్లో వీలైనంతవరకు ఇవ్వరు. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించవచ్చు. మావారు తెచ్చిన డైక్లోఫెనాక్ గుర్తొచ్చి గుండె ఝల్లుమంది.

ఇంట్లో సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్రల కోర్సు పూర్తి చేశాను. జ్వరం పోయింది కదా, ఇంకెందుకని అమ్మ అన్నా మధ్యలో ఆపలేదు. తర్వాత కల్చర్‌లో ఏమీ పెరగలేదు. మళ్లీ తిరగబెట్టకుండా రాత్రిపూట చిన్న డోసులో నైట్రోఫ్యురాంటోయిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ రాశారు. తొమ్మిదో నెల రాగానే అదీ మానిపించి సెఫలెక్సిన్‌కి మార్చారు. కాన్పు దగ్గరపడ్డాక నైట్రోఫ్యురాంటోయిన్ వాడితే పుట్టే బిడ్డలో ఎర్ర రక్తకణాలు దెబ్బతినవచ్చట. ఏ మందు అన్నదొక్కటే కాదు, ఏ నెలలో అన్నదీ అడగాలని నాకు అప్పుడే బాగా అర్థమైంది.

పాప నెలలు నిండాకే పుట్టింది, మంచి బరువుతో. కాన్పు తర్వాత చేయించిన కల్చర్ కూడా శుభ్రంగా వచ్చింది. ఆ కుడివైపు నొప్పి మళ్లీ రాలేదు.